స్థల నిర్ణయం – ప్రభుత్వ ఉత్తర్వులు: పడమటి హైదరాబాదు విస్తరణ

ఏ స్థలంలో భవనం కట్టాలన్నది స్థిరాస్తి వ్యాపారి స్వతంత్రంగా తీసుకొనే నిర్ణయమని సాధారణాభిప్రాయం. భూమి ధర, నిర్మాణ వ్యయం పోగా అమ్మకంలో ఎంత మిగులుతుందన్నదే అతని లెక్కకు ఆధారమన్న మాట నిజమే. అయితే ఆ ధరలకు మూలాలను పరిశీలిస్తే, అవి చాలావరకు ప్రభుత్వ నిర్ణయాలలోనే కనిపిస్తాయి. హైదరాబాదు నగరం పడమటికి విస్తరించిన తీరు ఇందుకు నిదర్శనం.

1908 మూసీ వరదల అనంతరం, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ననుసరించి, నగరానికి ఎగువన మూసీపై ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీపై హిమాయత్‌సాగర్ (1927) నిర్మితమయ్యాయి. వరద నివారణ, తాగునీటి సరఫరా వీటి ఉద్దేశాలు. వీటి రక్షణకై 1996లో వెలువడిన 111వ ఉత్తర్వు, పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలలో కాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద నివాస సముదాయాలను నిషేధించింది. నగర విస్తరణకు ఆ దిశలో ఒక ఎల్ల ఏర్పడింది.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభం కావడంతో, ఆ ఎల్లకు ఉత్తరాన కొత్త ఉద్యోగ కేంద్రం వెలసింది. అనంతరం 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు నిర్మాణంతో, స్థలం విలువను దూరంతో కాక ప్రయాణ కాలంతో కొలవడం మొదలైంది. 2006 నాటి 86వ ఉత్తర్వు, స్థల వైశాల్యాన్ని బట్టి మొత్తం నిర్మాణ విస్తీర్ణానికి ఉన్న పరిమితిని తొలగించి, భవనం ఎత్తును రోడ్డు వెడల్పుతోనూ, చుట్టూ వదలవలసిన ఖాళీ స్థలంతోనూ ముడిపెట్టింది. వెడల్పైన రోడ్డును ఆనుకొన్న స్థలంలో ఎక్కువ అంతస్తులకు అవకాశం ఏర్పడింది.

ఎంపికను శాసించే మరొక అంశం హక్కుల స్పష్టత. జాగీర్లు, ఇనాములు రద్దయిన తరువాత కూడా నగర పరిసర భూములలో అనేకం యాజమాన్య వివాదాలకు లోనయ్యాయి. కనుక ప్రభుత్వమే వేలం వేసే భూమికి వ్యాపారులు అధిక ధర చెల్లించడానికి వెనుకాడరు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం ధర వంద కోట్ల రూపాయలు దాటింది. ఉత్తర్వుల ద్వారా భూమి విలువను పెంచిన ప్రభుత్వమే విక్రేతగా ఆ విలువను పొందడం ఇక్కడ గమనార్హం.

ఈ క్రమంలో 2022 నాటి 69వ ఉత్తర్వు విమర్శనాత్మక పరిశీలనకు తగినది. 84 గ్రామాలపై ఆంక్షల ఎత్తివేతకు ఉద్దేశించిన ఆ ఉత్తర్వు, నగరం ఈ జలాశయాల నీటిపై ఆధారపడటం స్వల్పమైందని కారణం చూపింది. తాగునీటి అవసరం తగ్గి ఉండవచ్చు. వరద నివారణ అనే ప్రథమోద్దేశం మాత్రం తీరిపోలేదు. 2020 అక్టోబరు వరదలు నగరానికి ఆ ముప్పును మళ్లీ గుర్తుచేశాయి. ఎగువన నేల కాంక్రీటుతో కప్పబడితే, వాన నీరు ఇంకక వేగంగా దిగువకు చేరుతుంది. ఆ నష్టం స్థల నిర్ణేత లెక్కలో చేరదు. దానిని భరించేది దిగువ నివాసులు. కావున నగర విస్తరణ చరిత్రను వ్యాపారుల ఎంపికలలో కన్నా, వాటికి ముందే వెలువడిన ఉత్తర్వులలో అన్వేషించడం సమంజసం.