ఎండాకాలానికో ఊరు

మేముండే ఇంటర్నేషనల్ సిటీలో పేటలకన్నిటికీ దేశాల పేర్లే: ఇంగ్లండు, స్పెయిను, రష్యా, పర్షియా, చైనా. ఇండియా పేట లేదు గాని మనవాళ్ళు లేని పేట కూడా లేదు. 2000 దాకా ఇదంతా అల్ వర్సాన్ ఇసుక. దుబాయి నడిబొడ్డున అద్దె భరించలేక ఇక్కడ చేరాం. శ్రీకాకుళం జిల్లా నుంచి నాన్నగారు ఫోను చేసినప్పుడల్లా ఒకటే మాట: "పట్నమో పల్లెటూరో, ఏదో ఒకటి తేల్చండర్రా!"

అసలు పాత దుబాయి వాళ్ళు ఈ సంగతి తేల్చుకోనే లేదు. చలికాలమంతా క్రీక్ ఒడ్డున కాపురం. ఎండలు ముదిరితే మగవాళ్ళలో చాలామంది ముత్యాల వేటకు సముద్రం మీదికి పోయేవారు, సుమారు నాలుగు నెలలు. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు ఒంటెలెక్కి బురైమీ, అల్ ఐన్, రస్ అల్ ఖైమాల ఖర్జూర తోటలకు చేరేవారు. అక్కడ నీడ, తియ్యని నీళ్ళు, అప్పుడే పండుతున్న ఖర్జూరాలు. ఈ వేసవి మకాంకు 'మఖీజ్' అని పేరు. ఉండే పాకలు ఖర్జూర మట్టలతో అల్లినవి, సందుల్లోంచి గాలి ఆడేది. మన తాటాకు పాక తెలిసినవాళ్ళకు వేరే చెప్పాలా! ఉన్నవాళ్ళు ఊళ్ళోనే గాలి గోపురాల ఇళ్ళు కట్టుకున్నారు. పర్షియాలోని బస్తక్ వర్తకులు తెచ్చిన ఆ పద్ధతి బస్తకియాలో నేటికీ చూడవచ్చు. (వడదెబ్బ రోగులను చూసే మాకు ఆ గోపురం కింద నిలబడితే చేతులెత్తి మొక్కాలనిపించింది.)

1930లలో జపాను పెంపుడు ముత్యాలు, ఆర్థిక మాంద్యం కలిసి ముత్యాల వ్యాపారాన్ని కూల్చాయి. 1959లో షేక్ రషీద్ విద్యుత్ కంపెనీ పెట్టించారు. 1966లో చమురు పడింది. ఇంటింటికీ ఏసీ వచ్చాక తోటకు వెళ్ళవలసిన అవసరమే పోయింది.

మన ఉత్తరాంధ్ర వాళ్ళదీ ఇటువంటి కథే. విశాఖ, కాకినాడ రేవుల్లో ఓడెక్కి 'రంగం' వెళ్ళేవారు. రంగూను బియ్యపు మిల్లుల్లో, రేవుల్లో కొన్నేళ్ళు కష్టపడి, ఇంటికొచ్చి, మళ్ళీ ఓడెక్కేవారు. కూలి పట్నంలో, కొంప పల్లెలో. 1941 డిసెంబరులో రంగూను మీద బాంబులు పడ్డాక ఎందరో కొండలు, అడవులు దాటి నడుచుకుంటూ స్వదేశానికి బయలుదేరారు. అందరూ చేరలేదు. రెండు ఊళ్ళ బతుకు దారి తెరిచి ఉన్నంత కాలమే సాగుతుంది. 2020లో విమానాలు ఆగినప్పుడు మాకు అది బాగానే తెలిసొచ్చింది.

అయితే మేము చదివింది సర్కారు కాలేజీలో, ఊరి జనం పన్నులతో. ఆ ఊళ్ళో జ్వరమొస్తే ఆటో కట్టించుకుని టౌనుకు పోవాలి. నాన్నగారు ఈ మాట అనరు గాని మాకు గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఈ జూలైలో పిల్లలకు సెలవులు. మామిడికాయలు అయిపోయి నాట్లు మొదలయ్యే వేళ. నెల రోజులు ఉంటామని, పొద్దుటిపూట వీధరుగు మీద రోగులను చూస్తామని చెప్పాం. సంతోషించారు.

"మరి నెల అయ్యాక?" అని అడిగారు.