మాండొలిన్‌పై మనోధర్మం

పరాయి వాద్యం ఒక సంప్రదాయంలో అడుగుపెట్టినప్పుడు, వాద్యం సంప్రదాయానికి లొంగుతుందా, లేక సంప్రదాయమే వాద్యానికి తలవంచుతుందా అనే ప్రశ్న ఉదయించడం సహజం. బాలుస్వామి దీక్షితులు వాయులీనాన్ని స్వీకరించిన పందొమ్మిదో శతాబ్దిలోనే కర్ణాటక సంగీతం ఈ ప్రశ్నకు సమాధానం చెప్పింది. ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో అదే ప్రశ్నను తిరిగి ముందుకు తెచ్చినవాడు ఉప్పలపు శ్రీనివాస్.

ఆయన 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాదకుడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. సుబ్బరాజుకు మాండొలిన్ వాయించడం తెలియదు. ఆయన పాడేవారు, శిష్యుడు విన్నదానిని తంతులపై పలికించేవాడు. అనుకరించదగిన పూర్వ వాదకుడు లేకపోవడం వల్ల గాత్రమే ఆ బాలునికి ప్రమాణమైంది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాలలో ఆయన తొలి కచేరీ జరిగింది.

మాండొలిన్‌లో మీటిన నాదం క్షణంలో క్షీణిస్తుంది. జంట తంతులపై గమకం పలకడం కష్టం. నాదం నిలవనిదే రాగాలాపన లేదు. అందువల్ల శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్‌ను ఎంచుకొని, జంట తంతులకు బదులు ఒంటి తంతులను అమర్చి, మంద్రస్థాయి కోసం అయిదో తంతిని చేర్చాడు. శాస్త్రం మారలేదు, పరికరమే మారింది.

1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవ శ్రోతలు ఆ బాలుని వాదనకు ముగ్ధులయ్యారు. ఇందులో ఆశ్చర్యం లేదు. జాజ్ కళాకారుడు అంగీకృతమైన స్వరక్రమంపై, కర్ణాటక విద్వాంసుడు రాగతాళాల హద్దులో అప్పటికప్పుడు సృష్టి చేస్తారు. ఇద్దరికీ స్వేచ్ఛ నియమంలో నుంచే లభిస్తుంది. ఆంగ్ల గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ ఈ సామ్యాన్ని ముందే గుర్తించాడు. 1980లలో ఆయన మహావిష్ణు బృందంలో స్వీడన్ బేస్ గిటారిస్టు యోనాస్ హెల్‌బోర్గ్ ఉండేవాడు. 1997లో ఏర్పడిన రిమెంబర్ శక్తి బృందంలో తర్వాత శ్రీనివాస్, కంజీర విద్వాంసుడు సెల్వగణేశ్ చేరారు. హెల్‌బోర్గ్ సైతం అదే సెల్వగణేశ్‌తో ధ్వనిముద్రణలు చేయడం గమనార్హం. స్వీడన్ జాజ్-రాక్‌కూ గోదావరి తీరపు మాండొలిన్‌కూ మధ్య దూరం ఇంత స్వల్పం.

1998లో పద్మశ్రీ పొందిన శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న చెన్నైలో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 45 సంవత్సరాలు మాత్రమే. కచేరీ వేదికపై మాండొలిన్ నేడు పరాయిది కాదు. తొలి ప్రశ్నకు ఆయన ఇచ్చిన సమాధానం అదే.