పసుపు మీద పంతం

2019 ఏప్రిల్ 11న జరిగిన నిజామాబాదు లోక్‌సభ ఎన్నికలో ఎంతమంది పోటీ చేశారో గుర్తుందా? అక్షరాలా 185 మంది! అందులో 178 మంది రైతులు. ఒక్కో పోలింగు కేంద్రంలో పన్నెండేసి ఓటు యంత్రాలు బారుగా పెట్టారు. కళ్ళజోడు మరిచిపోయి వెళ్ళిన ముసలమ్మకి తన గుర్తు వెతుక్కోవడమంటే పెళ్ళింట్లో చెప్పులు వెతుక్కోవడమే!

ఇంతమంది ఎందుకు నిలబడ్డారంటారా? గెలుస్తామని కాదు. డిపాజిట్టు పాతికవేలు పోతుందని తెలిసే నిలబడ్డారు. తొమ్మిది నెలలు సాకి, తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి మార్కెట్టు యార్డుకి తెచ్చిన పసుపుకి ధర లేదు. క్వింటాలుకి 15,000 ఇప్పించండి, ఎర్రజొన్నకి 3,500 ఇప్పించండి, పసుపుకి వేరే ఒక బోర్డు పెట్టండి అంటూ ఆ ఫిబ్రవరిలో ఆర్మూరు దగ్గర జాతీయ రహదారి మీద కూర్చున్నారు. పలికిన నాథుడు లేడు. అందుకని నామినేషన్లు వేశారు.

మే 23న ఫలితం వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి కూతురు కవిత 70 వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. బీజేపీ తరఫున ధర్మపురి అర్వింద్ గెలిచారు. గెలిచిన ఐదు రోజుల్లో బోర్డు తెస్తాను, తేలేకపోతే రాజీనామా చేస్తాను అని ఆయన బాండు పేపరు మీద రాసిచ్చిన సంగతి అప్పట్లో ఊరూరా మారుమోగింది.

ఇందులో ఒక చిత్రముంది. ఆ ఎన్నికలో పసుపు బోర్డు వద్దన్న పార్టీ ఒక్కటీ లేదు. గులాబీ వాళ్ళకీ కావాలి, కమలం వాళ్ళకీ కావాలి, చెయ్యి గుర్తు వాళ్ళకీ కావాలి. అందరూ కావాలన్న వస్తువు మీద అంత కొట్లాట ఎందుకు జరిగిందీ అని నాకు చాలాకాలం అర్థం కాలేదు.

మాక్లూరులో మాకు దూరపు చుట్టాలున్నారు. అన్నదమ్ములిద్దరూ పక్కపక్క చేలల్లో పసుపే వేస్తారు. ఇద్దరి చేలకీ ఒకటే బోరు. పెద్దాయన గులాబీ కండువా, చిన్నాయన కాషాయం. ఒకసారి నేను వెళ్ళినప్పుడు ఇద్దరికీ మాటామాటా వచ్చింది.

“ఐదు దినాలల్ల తెస్తనన్న బోర్డు యాడికి వోయిందిరా?”

“మీ అక్క ఐదేండ్లు ఢిల్లీల ఉండి ఏం జేసిందే?”

ఇంతవరకూ బాగానే ఉంది, రాజకీయమే. మూడో మాటకి పసుపు పోయి పొలంగట్టు వచ్చింది. నాలుగో మాటకి, తండ్రి దినాలప్పుడు ఎవరెంత పెట్టారన్న లెక్క వచ్చింది. ఐదో మాటకి, అన్న కూతురి వరపూజనాడు తమ్ముణ్ణి మొదటి బంతిలో కూర్చోబెట్టలేదన్న సంగతి బయటపడింది! పదకొండేళ్ళనాటి బంతి అది. ఇద్దరూ పసుపు గురించి మాట్లాడింది మొత్తం రెండు నిమిషాలుంటుందేమో.

దాని ఫలితం ఆడవాళ్ళ నెత్తిన పడింది. మరుసటి నెల చిన్నాయన కూతురు పుట్టింటికి ఒడిబియ్యానికి వస్తే పెద్దింటికి పిలుపు లేదు. పెద్దకోడలు నా దగ్గర కళ్ళొత్తుకుంటూ, “పసుపు కలిపిన బియ్యమే గదనే ఒడిల పోసేది! ఆ పసుపుకాడనే పంచాయితి పెట్టుకుంటే ఎట్ల?” అంది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పగల నాయకుడు నాకింతవరకూ తారసపడలేదు.

ఇదంతా పల్లెటూరి మొరటుతనం, చదువుకున్నవాళ్ళు ఇలా ఉండరు అనుకుంటున్నారేమో! మన పిల్లలు వెళ్ళి స్థిరపడుతున్న అమెరికా సంగతి వినండి. మీ అబ్బాయో అమ్మాయో అవతలి పార్టీవాళ్ళని పెళ్ళి చేసుకుంటే మీకు కష్టంగా ఉంటుందా అని 1960లో అక్కడివాళ్ళని అడిగారు. ఏ పార్టీలోనైనా నూటికి నలుగురైదుగురే అవునన్నారు. దాదాపు అదే ప్రశ్న 2010లో అడిగితే రిపబ్లికన్లలో నూటికి 49 మంది, డెమొక్రాట్లలో 33 మంది కష్టమే అన్నారు. మనం సంబంధాలు వెతికేటప్పుడు కులగోత్రాలు అడుగుతాం. అంత నాగరికమైన దేశంలో ఇప్పుడు పార్టీయే కులమై కూర్చుంది.

జెఫ్రీ కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2003లో ప్రకటించిన ప్రయోగం ఇంకా తమాషాగా ఉంటుంది. కాలేజీ విద్యార్థులకి పేదల సహాయ పథకాలు చూపించారు. ఒకటి ధారాళంగా ఇచ్చేది, ఒకటి పిసినారిది. ఇది మీ పార్టీ బలపరిచింది అని చెప్పేసరికి, ఉదారంగా ఉండాలనే పిల్లలు పిసినారి పథకాన్ని మెచ్చుకున్నారు, పొదుపు కోరే పిల్లలు ధారాళమైనదాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఎందుకలా అంటే, పార్టీ మాట విని కాదు, మా బుద్ధితో మేమే ఆలోచించాం అన్నారట! మాక్లూరు అన్నదమ్ములు కూడా సరిగ్గా అదే మాట చెబుతారు.

అంత దూరం పోనక్కరలేదు లెండి. పన్నెండో శతాబ్దపు పల్నాటి కథ మనకి ఉగ్గుపాలతో తెలిసిందే. ఒక తండ్రి బిడ్డల మధ్య రాజ్యం చీలి, కోడిపందెంతో తెగి, కారంపూడిలో నెత్తురు పారింది. కోడి ఓడిందని ఎవరైనా యుద్ధం చేస్తారా? మంత్రిత్వం దగ్గర, పంక్తిలో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్న దగ్గర అంతకుముందే పడిన గాయాలకి కోడి ఒక వంక. ఇందులో బ్రహ్మనాయుడు మహానుభావుడై పోయాడు, మా కరీంనగరు వైపునుంచి వెళ్ళిందని చెప్పుకునే నాగమ్మ మాత్రం కుట్రలమారి అయింది. ఆడమనిషి మంత్రాంగం చేస్తే కథ చెప్పేవాళ్ళకి సహించదు కాబోలు. ఆ సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం.

మళ్ళీ నిజామాబాదు వద్దాం. 2020లో స్పైసెస్ బోర్డు ప్రాంతీయ కార్యాలయం వచ్చింది. కమలం వాళ్ళకి అది బోర్డు కంటే మేలైనదిగా కనిపించింది. గులాబీ వాళ్ళకి అదే కార్యాలయం నాలుగు కుర్చీల గదిగా కనిపించింది. 2023లో రోడ్ల పక్కన పసుపు రంగు బోర్డులు వెలిశాయి. మన ఎంపీగారు తెచ్చిన బోర్డు ఇదేనండీ అని వెక్కిరింపు! ఎవరు రాయించారో కాని హాస్యం తెలిసినవాళ్ళే. ఆ ఏడాది అక్టోబరు 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధానమంత్రి జాతీయ పసుపు బోర్డు ప్రకటించారు. 2025 జనవరి 14న, సంక్రాంతినాడు, ఆ బోర్డు నిజామాబాదులో మొదలైంది.

ఇక గొడవ తీరింది అనుకున్నాను. తీరలేదు. బోర్డు ఎందుకు రాలేదన్న పోట్లాట పోయి, ఎవరివల్ల వచ్చిందన్న పోట్లాట మొదలైంది! నేను ముందే అడిగానని ఒకరు, నేను తెచ్చానని ఒకరు. పసుపు ధర మాత్రం ఈ వాదాలేవీ విననట్టే నడిచింది. 2024 మార్చిలో, బోర్డు తలుపులు తెరవకముందే, పంట తగ్గినందుకు నిజామాబాదు యార్డులో మంచి సరుకు 18 వేలు దాకా పలికింది.

ఇందరిలో నాకు నిజంగా పసుపు కోసమే నిలబడ్డట్టు కనిపించినవాడు ఒకాయన ఉన్నాడు. పసుపు రైతుల సంఘం నాయకుడు. బోర్డు వచ్చేదాకా చెప్పులు తొడగనని 2011లో ఒట్టు పెట్టుకున్నాడు. ఎండాకాలం నిజామాబాదు తారురోడ్డు మీద నడిచి చూడండి, ఆ ఒట్టు ఎంతదో తెలుస్తుంది! పన్నెండేళ్ళు వట్టికాళ్ళతో తిరిగి, 2023లో ప్రకటన వచ్చాకే చెప్పులేసుకున్నాడు. ఏ పార్టీ ఇచ్చిందన్నది ఆ పాదాలకి పట్టలేదు.

2025 జూన్ 29న కేంద్ర హోంమంత్రి అమిత్ షా వచ్చి బోర్డు ప్రధాన కార్యాలయం తెరిచారు. అదేరోజు నిజామాబాదులో డి. శ్రీనివాస్ విగ్రహం కూడా ఆవిష్కరించారు. శ్రీనివాస్ గారంటే అర్వింద్ తండ్రి. జీవితమంతా కాంగ్రెసు మనిషి, ప్రదేశ్ కాంగ్రెసు అధ్యక్షుడుగా చేశారు. 2015లో టీఆర్ఎస్‌లో చేరి, ఆ పార్టీ తరఫున రాజ్యసభకి వెళ్ళారు. తండ్రి ఇంకా ఆ పార్టీ సభ్యుడుగా ఉండగానే, ఆ పార్టీ అధినేత కూతురి మీద కొడుకు బీజేపీ నుంచి గెలిచాడు. ఆయన పోయిన ఏడాదికి, సరిగ్గా అదే తేదీన, బీజేపీ హోంమంత్రి చేతుల మీదుగా విగ్రహం! మూడు జెండాలు పట్టిన ఇల్లు, తండ్రీకొడుకుల బంధుత్వం ఏమీ తెగలేదు.

మాక్లూరు పెద్దాయన మర్నాడు పేపర్లో ఆ ఫోటో చూసి చాలాసేపు మాట్లాడలేదట. చివరికి కళ్ళజోడు తీసి, విగ్రహం మెడలో ఏ రంగు కండువా వేశారని అడిగాడట.