చెప్పులు విప్పిన దొంగ

మా మనవడు రాసిన కథలో ఒక దొంగ ఉన్నాడు. అర్ధరాత్రి వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, ఆ పైన లోపలికి వెళ్ళాడు. "దొంగకింత మర్యాదేమిట్రా?" అని నవ్వి, ఆ వాక్యం కొట్టేశాను. పనిలో పనిగా నాలుగు ఒత్తులూ, రెండు దీర్ఘాలూ దిద్దాను. వాడు నోటుబుక్కు మూసి ఆడుకోవడానికి వెళ్ళిపోయాడు. వారం దాటినా మళ్ళీ తెరవలేదు.

ఆ నోటుబుక్కు కంటపడినప్పుడల్లా నాకు టాల్‌స్టాయ్ గుర్తొచ్చేవాడు. పెద్ద పెద్ద నవలలు రాసిన టాల్‌స్టాయ్ కాదు, అంతకుముందు బడిపంతులుగా ఉన్న టాల్‌స్టాయ్.

1859లో ఆయన తన సొంత ఊరు యాస్నాయా పొల్యానాలో రైతుల పిల్లలకు బడి పెట్టాడు. అప్పటికి రష్యాలో ఆ రైతులింకా జమీందార్ల కింద కట్టుబానిసలే. వాళ్ళకు విముక్తి 1861లో గాని రాలేదు. ఈ బడిలో ఫీజు లేదు, బెత్తం లేదు, ఇంటికిచ్చే పాఠం లేదు. ఇష్టం లేని పిల్లవాడు లేచి ఇంటికి పోవచ్చు. ఇంకేం, బడి ఖాళీ అయి ఉంటుంది అనుకుంటాం మనం. అలా కాలేదు సరికదా, పొద్దుపోయాక కూడా పిల్లలు కదిలేవాళ్ళు కారు.

ఒకనాడు ఆయన ఓ సామెత చెప్పి దానిమీద కథ కట్టమన్నాడు. చెంచాతో తినిపిస్తూ దాని కాడతోనే కంట్లో పొడవడం అని సామెత. అంటే అన్నం పెట్టి దెప్పడమన్నమాట. పిల్లలు తెల్లమొహాలు వేశారు. సరే నేనే రాస్తానని ఆయన మొదలుపెట్టాడు. ఒక పేజీ అయ్యేసరికి పిల్లలు చుట్టూ మూగి, "ఇలా ఉండదు, అలా ఉంటుంది" అని తప్పులు పట్టసాగారు. చివరికి సియోమ్కా, ఫెద్కా అనే ఇద్దరు మిగిలారు. వాళ్ళు చెప్పడం, ఆయన రాయడం. రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా అదే పని. ఆయన కలం ఆగితే వాళ్ళకు కోపం!

కథలోకి ఒక రైతు వస్తాడు. అతను ఆడవాళ్ళ కోటు తొడుక్కుని రావాలన్నాడు ఫెద్కా. ఆడవాళ్ళదెందుకని టాల్‌స్టాయ్ ముందు ఆశ్చర్యపోయాడు. తర్వాత బోధపడింది. చలికాలపు రాత్రి బయటికెళ్ళే మనిషి చేతికందింది తొడుక్కుంటాడు. ఆ ఒక్క కోటుతో రైతు ఇల్లంతా కళ్ళకు కట్టింది.

తర్వాత వచ్చింది ఆపద. బడిపిల్లలకు కాగితంతో కోడిపుంజులు చేసే పిచ్చి పట్టింది. ఎవడో అమాయకుడు ఆ రాతప్రతి చించి కోళ్ళు చేశాడు, కోళ్ళు కాస్తా పొయ్యిలోకి పోయాయి. ఏది పోయినా అంత బాధపడలేదని ఆయనే రాసుకున్నాడు. ఆ దిగులు చూడలేక ఇద్దరు పిల్లలూ ఓ రాత్రి ఆయన గదిలో తలుపు బిగించుకు కూర్చుని కథ మళ్ళీ రాశారు. ఈసారి కలం కూడా వాళ్ళదే!

1862లో తన పత్రికలో ఆయన ఈ సంగతంతా రాశాడు. రాయడం రైతుపిల్లలు మన దగ్గర నేర్చుకోవాలా, మనం వాళ్ళ దగ్గరా అన్నదే ఆ వ్యాసం పేరు. అలాగని పంతులుకు పని లేదనలేదు సుమండీ! రకరకాల విషయాలు ముందుంచి పిల్లల్నే ఎంచుకోనివ్వాలి. మొదట్లో రాత భారం మనం మోసి, మెల్లగా వాళ్ళకు వదలాలి. రాసేటప్పుడు దస్తూరీ గురించీ, అక్షరదోషాల గురించీ నోరెత్తకూడదు.

ఆ యేడే జూలైలో, ఆయన ఊళ్ళో లేని సమయాన, రహస్య అచ్చుయంత్రం ఉందేమోనని పోలీసులు వచ్చి ఇల్లూ బడీ సోదా చేశారు. ఏమీ దొరకలేదు. సెప్టెంబరులో ఆయనకు పెళ్ళయింది. బడి మెల్లగా మూతపడింది. ఫెద్కా కథ మాత్రం మిగిలింది.

మొన్న సిగ్గు విడిచి మావాణ్ణి అడిగాను: "ఒరేయ్, ఆ దొంగ చెప్పులెందుకు విప్పాడురా?"

వాడు నావైపు జాలిగా చూశాడు. "చప్పుడవదూ తాతయ్యా!"

నోటుబుక్కు తీసి, నేను కొట్టేసిన వాక్యాన్ని నా చేత్తోనే మళ్ళీ రాశాను. "తర్వాతేమయింది?" అన్నాను, కలం పట్టుకుని.