జెనీవాలో దొరికిన గోడ

1805 వసంతం. జెనీవా పక్కనున్న ఓ-వీవ్‌లో ఒక వింత జబ్బు మొదలైంది. భరించలేని తలనొప్పి, వాంతులు, కొయ్యలా బిగుసుకుపోయిన మెడ. కొందరు ఒక్క రోజులోనే పోయారు. ఆ జబ్బును చూసి రాసిపెట్టిన వైద్యుడు గస్పార్ వ్యూసో. ఆ విడతలో 33 మంది చనిపోయారు. మెనింజైటిస్ మహమ్మారిగా రావడం గురించి స్పష్టంగా దొరికే తొలి వర్ణన అదే. మనవాళ్లు దీన్నీ ఎన్‌సెఫలైటిస్‌నీ కలిపి ‘మెదడువాపు’ అనేస్తారు కానీ, ఇది మెదడును కప్పిన పొరల వాపు.

ఆ మహమ్మారికి మూలమైన మెనింగోకాకస్‌ను 1887లో వియన్నాలో ఆంటోన్ వైక్సెల్‌బామ్ పట్టుకున్నాడు. అయితే అది మెదడు దాకా ఎలా వెళ్తోంది? రక్తం వెళ్లే చోటికల్లా క్రిమీ వెళ్తుందనుకుంటే ఇందులో ప్రశ్నే లేదు. ప్రశ్న ఉందని చెప్పింది వైద్యం కాదు, రంగులు.

1885లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగులు ఎక్కించి చూశాడు. కాలేయం, గుండె, కండ అన్నీ రంగెక్కాయి. మెదడు, వెన్నుపాము మాత్రం తెల్లగా ఉండిపోయాయి. మెదడుకు ఆ రంగు పట్టదు కాబోలు అని ఆయన సరిపెట్టుకున్నాడు. అంతటి మహానుభావుడూ ఇక్కడ పొరబడ్డాడు. 1913లో ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ అదే పనిని తిరగేసి చేశాడు. ట్రిపాన్ బ్లూ అనే నీలిరంగును నేరుగా, మెదడు, వెన్నుపాముల చుట్టూ ఉండే వెన్నునీటిలోకి ఎక్కించాడు. ఈసారి మెదడంతా నీలం, మిగతా ఒళ్లు తెలుపు! అంటే మెదడుకు రంగు పట్టక కాదు, మధ్యలో ఏదో అడ్డుకోబట్టి.

ఆ అడ్డుగోడకు పేరు పెట్టింది మళ్లీ జెనీవాయే. 1921లో అక్కడి విశ్వవిద్యాలయంలో లీనా స్టెర్న్, రేమండ్ గోతియే దాన్ని ‘రక్త-మెదడు అవరోధం’ అన్నారు. ఆ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరైన తొలి మహిళ స్టెర్న్. 1925లో మాస్కో వెళ్లిపోయింది. గోడ ఉందని తెలిసిన మనిషి కాబట్టి, క్షయ మెనింజైటిస్‌తో చావుబతుకుల్లో ఉన్న పిల్లలకు స్ట్రెప్టోమైసిన్‌ను రక్తంలోకి కాక నేరుగా వెన్నునీటిలోకి ఇప్పించింది. 1949లో స్టాలిన్ ప్రభుత్వం ఆమెను ఒక కేసులో ఇరికించి జైల్లో పెట్టింది. 1952 ఆగస్టులో అదే కేసులో 13 మందిని కాల్చి చంపారు. డెబ్బై దాటిన ఆమెకు మాత్రం ప్రవాస శిక్షతో ప్రాణం దక్కింది. 1968లో కన్నుమూసింది. అంతకు ఏడాది ముందే రీస్, కార్నోవ్‌స్కీ అనే శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఆ గోడను కళ్లారా చూశారు. మెదడులోని సన్నటి రక్తనాళాల లోపలి కణాలు సందు లేకుండా ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి.

ఇంత గట్టి గోడను క్రిమి బద్దలు కొడుతుందనుకుంటాం. మెనింగోకాకస్ అలాంటి మొరటు పని చేయదు. ఎందరి ముక్కు, గొంతుల్లోనో ఏ హానీ చేయకుండా కాపురముండే ఈ క్రిమి, ఎప్పుడో ఒకసారి రక్తంలో పడుతుంది. రక్తం నెమ్మదించిన సన్నటి నాళంలో, ఒంటిమీది వెంట్రుకల్లాంటి పోగులతో గోడను పట్టుకుంటుంది. అక్కడే పిల్లలు పెట్టి చిన్న గుంపవుతుంది. అసలు మాయ ఇప్పుడే. గోడ కణాలను కలిపి కుట్టే ప్రోటీన్లు తమ చోటు వదిలి, గుంపు కిందకి వచ్చి చేరతాయి. కుట్లు వదులై, సందు పడుతుంది. 2009లో పారిస్‌లో గ్జావియే నసీఫ్ బృందం ఈ తతంగాన్ని విడమరిచి చూపింది. ఇంటివాళ్ల చేతే గొళ్లెం తీయించిన దొంగతనమిది.

అన్ని క్రిములదీ ఒకటే దారి కాదు. పసికందుల్లో కనిపించే ఇ. కోలి కె1 అనే క్రిమి గోడ కణం మధ్యలోంచే దూరిపోతుంది. లిస్టీరియాకు తెల్ల రక్తకణంలో దాక్కుని ప్రయాణించడమూ తెలుసు.

క్రిమికి దొరికిన దారి మందుకు మాత్రం అంత తేలిగ్గా దొరకలేదు. అందుకే వైద్యులు వెనకనుంచి వెళ్లారు. 1891లో హైన్రిక్ క్విన్కే నడుములో సూది గుచ్చి వెన్నునీరు తీయడం చూపించాడు. అమెరికాలో సైమన్ ఫ్లెక్స్‌నర్ అదే దారిలో గుర్రం రక్తం నుంచి తీసిన విరుగుడు సీరం ఎక్కించి, 1913లో దాదాపు 1,300 మంది రోగుల లెక్క ప్రకటించాడు. వారిలో చనిపోయింది సుమారు 31 శాతం. అంతకుముందు నూటికి డెబ్బై మందికి పైగా పోయేవారు. తర్వాత వచ్చిన పెన్సిలిన్‌దీ తమాషాయే. ఆరోగ్యంగా ఉన్న గోడను అది అంతంతమాత్రంగానే దాటుతుంది, వాచిన గోడను మెరుగ్గా దాటుతుంది.

క్విన్కే సూది నేటికీ ఆసుపత్రుల్లో ఉంది. మెనింజైటిస్‌ను తేల్చేది ఆ నీటి చుక్కలే. ‘నడుం నీరు తీస్తే కాళ్లు పడిపోతాయట’ అని భయపడి సంతకానికి వెనకాడే ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. నిజానికి సూది గుచ్చేది వెన్నుపాము ముగిసిన చోటుకు కింద.