ఆహార వర్ణకములు – బాలలు

తినుబండారములకు రంగు నిచ్చుటకై కలుపు పదార్థములలో, పసుపు, కుంకుమపువ్వు మున్నగు ప్రకృతిసిద్ధములు గాక, తొలుత బొగ్గుతారునుండియు నేడు పెట్రోలియమునుండియు తయారగు కృత్రిమ వర్ణకములే ఇచట ప్రస్తుతము. భారతదేశమున టార్ట్రజిన్, సన్‌సెట్ యెల్లో, కార్మోయిసిన్, ఎరిత్రోసిన్ మొదలగు కొన్నింటికే అనుమతి గలదు. సాధారణ పరిమితి కిలో ఆహారమునకు 100 మిల్లీగ్రాములు.

బాలల ప్రవర్తనకును రంగులకును సంబంధము గలదను వాదమును కొందరు అమెరికా వైద్యుడు బెంజమిన్ ఫైన్‌గోల్డ్ 1975లో ప్రకటించిన గ్రంథముతో లెక్కింతురు గాని, 1973 నాటి ఆయన ప్రసంగమే మూలమనుట యుక్తము. ఆయన చెప్పినంతటి ప్రభావము తరువాతి పరీక్షలలో కానరాలేదు. 2007లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ పరిశోధకులు మూడేండ్లవారు 153 మందికిని, ఎనిమిది తొమ్మిదేండ్లవారు 144 మందికిని, రంగులును సోడియం బెంజోయేటను నిల్వకారకమును కలిపిన పానీయమును, కలపని పానీయమును మార్చి మార్చి త్రాగించి చూడగా చాంచల్యము సగటున కొద్దిగా హెచ్చెను. అయితే దోషము రంగుదో బెంజోయేటుదో దీనివలన తేలదు. ఐరోపా ఆహారభద్రతా సంస్థ ఈ సాక్ష్యము పరిమితమని 2008లో అభిప్రాయపడినను, 2010 జూలై నుండి ఆరు రంగుల విషయమున హెచ్చరిక ముద్రణ అచట విధి యయ్యెను.

మన పిల్లలకు సంబంధించినంతవరకు మోతాదే ముఖ్యప్రశ్న యని తోచుచున్నది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2004లో ప్రకటించిన సర్వేలో, ఆ నగరమున కొందరు టార్ట్రజిన్, సన్‌సెట్ యెల్లో, ఎరిత్రోసిన్‌లను అనుమత దినపరిమితిని మించి తినుచున్నట్లు వెల్లడియైనది. ఎరిత్రోసిన్‌కు ఆ పరిమితి దేహపు కిలో బరువునకు 0.1 మిల్లీగ్రాము; కాగా కిలోకు 100 మిల్లీగ్రాముల చొప్పున ఆ రంగు కలిసిన మిఠాయి 15 గ్రాములు తిన్నచో, 15 కిలోల బిడ్డకు ఆ దినపు వంతు తీరిపోవును. చట్టమును మీరని మిఠాయియే యింత చేయగా, నిషిద్ధములైన మెటానిల్ యెల్లో, రోడమిన్ బీ వంటివాని సంగతి వేరుగా చెప్పనేల? రోడమిన్ కారణముగనే 2024లో తమిళనాడు పీచుమిఠాయిని నిషేధించెను.

ఉక్కు కర్మాగారమును ఆశ్రయించి జంషెడ్‌పూరున తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములకును ఇదే చట్టము వర్తించును. బిష్టుపూర్‌లోనైనను సాక్చీలోనైనను, ఆ నగరమందలి మరే పేటలోనైనను, పొట్లము కట్టిన సరుకుపై వర్ణకము పేరో సంఖ్యయో ఉండును. విడిగా తూచి యిచ్చు జిలేబీకి, లడ్డూకు అట్టి చీటీ యుండదు. పొట్లముపై 102 టార్ట్రజిన్‌ను, 110 సన్‌సెట్ యెల్లోను, 122 కార్మోయిసిన్‌ను, 127 ఎరిత్రోసిన్‌ను సూచించును. తల్లిదండ్రులు ఈ నాలుగు సంఖ్యలను గుర్తుంచుకొనుట మేలు.