పునాదిరాయి మీద లేని పేర్లు
నంద్యాల, ఆళ్లగడ్డ సీమలో కథోలిక బడి: పిడికెడు గింజల చరిత్ర

కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహల గురించి ఏ పుస్తకం తెరిచినా ఒకే వరస కనబడుతుంది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాసిపెట్టాడు. 1982 నుంచి 1984 దాకా డేనియల్ గెబావర్ నాయకత్వాన జర్మన్ బృందం లోపలికి దిగి కొలిచింది. 2002లో పర్యాటక శాఖ జనానికి తెరిచింది. ఇవన్నీ నిజాలే. కాని ఫూట్ దొర రాకముందు ఆ బిలాలు లేవా? ఆ నాపరాతి నేల మీద గొర్లు తోలుకున్నోళ్ళకీ, చుట్టూ సేద్యం చేసినోళ్ళకీ తెలియవా? తెలుసు. కాగితం మీద పెట్టలేదు కాబట్టి వాళ్ళు 'కనుక్కున్నోళ్ళు' కాలేకపోయారు. అంతే తేడా.

మేము ఇక్కడ రాయబోయేది గుహల గురించి కాదు, బడుల గురించి. ఈ సీమలో మిషన్ బడుల చరిత్ర కూడా ఇదే వరసలో రాస్తున్నారు. ఫలానా దొరగారు స్థాపించారు, ఫలానా దేశం నుంచి డబ్బు వచ్చింది, ఫలానా పీఠాధిపతి పునాదిరాయి వేశారు. రాయి మీద మూడు పేర్లు చెక్కి ఉంటాయి. ఆ రాళ్ళు మోసినోళ్ళ పేర్లు, ఇంట్లో పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే పిడికెడు గింజలు తీసి పక్కన పెట్టిన ఆడోళ్ళ పేర్లు ఎక్కడా ఉండవు. ఆ పేర్లు లేకపోవడం వట్టి మర్యాదకు సంబంధించిన లోటు కాదు. బడి ఎవరిది అనే ప్రశ్న వచ్చినప్పుడు మన పల్లెలకి జవాబు లేకుండా చేసిన లోటు అది.

బడి ఎందుకు కావలసి వచ్చింది

1800లో దత్త మండలాలు, 1839లో నవాబు పతనం తర్వాత కర్నూలు ఇంగ్లీషోళ్ళ చేతికి వచ్చాయి. ప్రభుత్వం మారినా ఊరి బడి మారలేదు. వీధి అరుగు మీద నడిచే బడిలోకి మాల మాదిగ పిల్లలకి ప్రవేశం లేదు. 1854లో వచ్చిన ఉడ్ విద్యా ప్రణాళిక సొంతంగా బడి పెట్టుకున్నోళ్ళకి సర్కారు గ్రాంటు ఇస్తామంది. ఆ గ్రాంటు అందుకోవాలంటే ముందు సొంత సొమ్ము చూపించాలి, లెక్కలు రాయాలి, తనిఖీ అధికారికి జవాబు చెప్పుకోవాలి. ఊరికి దూరంగా పల్లెలో బతికేవాడికి అది అయ్యే పనేనా? మధ్యలో మిషనరీ రావలసి వచ్చింది. పంచముల చదువు గురించి మద్రాసు ప్రభుత్వం ప్రత్యేకంగా ఉత్తర్వు ఇచ్చింది 1893లో. మన సీమలో అప్పటికి ఎన్నో ఏళ్ళ ముందే ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషన్ ఆళ్లగడ్డ పక్క ముత్యాలపాడు, కలసపాడు, తర్వాత నంద్యాల కేంద్రాలుగా మాలపల్లెల్లో పని మొదలుపెట్టింది. నంద్యాల ఎస్.పి.జి. హైస్కూలు ఆ పనికి గుర్తు.

కథోలికుల దారి వేరు. 18వ శతాబ్దంలో ఫ్రెంచి జెసూట్ల కాలంలో రాయలసీమలో మతం పుచ్చుకున్న రెడ్డి, కమ్మ కుటుంబాలలో చాలా మంది తర్వాత గుంటూరు వైపు వలస పోయారు. పోతూ కులాన్నీ మోసుకుపోయారు. దళితులు పెద్దఎత్తున కథోలిక సంఘంలోకి వచ్చింది ఆ తర్వాతి కాలంలో. 1928లో నెల్లూరు మేత్రాసనం ఏర్పడింది, దాని పనిలో లండన్ మిల్ హిల్ సభ గురువులు ముందున్నారు. అందులోనుంచి 1967లో కర్నూలు, తర్వాత 1976లో కడప మేత్రాసనాలు వచ్చాయి. అంటే మన సంఘంలో సంఖ్య మాలమాదిగలది, పాత పరపతి అగ్రకులాలది. ఈ మాట మనసులో పెట్టుకుని బడి లెక్కలు చూడాలి.

డబ్బు మూడు కాలవలు

కథోలిక బడికి డబ్బు మూడు వైపుల నుంచి వచ్చింది. ఒకటి విదేశం. 1843లో ఫ్రాన్సులో మొదలైన పవిత్ర బాల్య సభలో ప్రతి పిల్లవాడూ నెలకు ఒక సూ, అంటే అక్కడి చిల్లర నాణెం, ఇవ్వాలని నియమం. 1926లో నిర్ణయమైన మిషన్ ఆదివారం చందాలు కూడా ఇట్లాంటివే. అంటే అక్కడ ఇచ్చినోళ్ళలో కూడా పేద పిల్లలు, పనిమనుషులు ఉన్నారు. ఆ ఋణం కాదనకూడదు. రెండోది సర్కారు గ్రాంటు. మూడోది పల్లె. మొదటి రెండూ ఖాతా పుస్తకాల్లో పైసలతో సహా ఉంటాయి. మూడోదానికి ఖాతా లేదు. ఎందుకంటే అది రూపాయల్లో రాలేదు. గింజల్లో, కోళ్ళల్లో, కూలి దినాల్లో వచ్చింది.

పిడికెడు బియ్యం అనే మాట తెలుగు సంఘాలన్నిటికీ తెలుసు. డెల్టాలో అది బియ్యమే. మన వైపు కర్నూలు కడప కాలువ కింద నాలుగు ఊర్లు తప్ప, కోవెలకుంట్ల, కొలిమిగుండ్ల నల్లరేగడిలో బియ్యం పండగపూట తిండి. ఇక్కడ పిడికెడు అంటే జొన్నలు, కొర్రలు. పూటకి సంగటి చేసేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే ముంతలో పోస్తుంది. ఆదివారం గుడికి పోయేటప్పుడు కొంగులో కట్టుకుపోతుంది. ఒక పిడికెడు ఎంత? ఏమీ కాదు. నలభై గడపల పల్లెలో రోజూ తీస్తే, నెలకి బోర్డింగులో పిల్లల కడుపు నింపే మూటలవుతాయి. రెండు పూటలా తినడానికే లేని ఇంట్లో తీసిన పిడికెడు అది. దాన్ని దానం అనలేం. తిండిలోనుంచి కోసి కట్టిన పన్ను అనాలి. సర్కారు వేయని పన్ను, మనోళ్ళు మన పిల్లల కోసం మనకు మనమే వేసుకున్న పన్ను.

పంట చేతికొచ్చాక కొత్త పంటల పండుగ. తొలి కంకులు, గుమ్మడికాయ, కోడిపుంజు, మేకపిల్ల తెచ్చి పీఠం ముందు పెడతారు. పూజ అయ్యాక వేలంపాట. అక్కడ ఒక గుమ్మడికాయ మూడుసార్లు అమ్ముడుపోతుంది. పాడుకున్నాయన మళ్ళీ గుడికే ఇచ్చేస్తాడు, ఇంకొకాయన పాడతాడు. నవ్వుకుంటూనే ఆ సాయంత్రానికి పలకలకో, పైకప్పు రేకులకో డబ్బు తయారవుతుంది. విచారణ తిరునాళ్ళ చందా, తపస్కాలంలో ఒక పొద్దు ఉండి మిగిల్చిన పైసలు, క్రిస్మస్ ముందు ఇంటింటికీ తిరిగే పాటల జట్టు కూడా ఈ కోవలోవే.

వీటికన్నా పెద్దది ఒళ్ళు. నాపరాయి మన సీమ రాయి. గోడలకీ, నేలకీ, కొన్నిచోట్ల కప్పులకీ అదే. గనిలో బండ తీసేదీ, బండికెత్తేదీ, గోడ పేర్చేదీ ఎవరు? విదేశీ చందా సున్నానికీ కలపకీ సరిపోతే, కూలి సగం పల్లె భరించింది. ఆ కూలిని ఈరోజు లెక్క కడితే పునాదిరాయి మీద పేర్ల వరస తలకిందులవుతుంది.

ఇక ఉపదేశి. గురువు నెలకోసారి గుర్రం మీదో, సైకిల్ మీదో వచ్చి పోతాడు. మిగిలిన రోజులు పల్లెను నిలబెట్టింది ఉపదేశి. పగలు పిల్లలకి అక్షరాలు, రాత్రి లాంతరు కింద పెద్దోళ్ళకి జపాలు, మధ్యలో కాగితం ముక్క వస్తే చదివిపెట్టడం. అతనికి ముట్టే జీతం చాలాచోట్ల నామమాత్రం. బువ్వ పల్లెదే. హైస్కూలు దాకా పోయిన మన మొదటి తరం ఈ ఉపదేశి చేతి పలక మీద దిద్దినోళ్ళే.

బోర్డింగులో బతుకు

బోర్డింగు గురించి రెండు అబద్ధాలు చెలామణిలో ఉన్నాయి. ఒకటి, అది స్వర్గమని. రెండోది, అది వట్టి మతమార్పిడి కొట్టమని. రెండూ కాదు. తెల్లారుజామున గంట, జపం, నీళ్ళు చేదడం, తోటపని, చదువు, సంగటి, మళ్ళీ గంట. పనిచేస్తేనే తిండి అనే క్రమశిక్షణ ఉంది, దెబ్బలూ ఉన్నాయి. అయినా ఊర్లో చెప్పులు విడిచి నడవాల్సిన పిల్లవాడు అక్కడ బెంచీ మీద కూర్చున్నాడు. ఒకే కుండలో వండింది ఒకే వరసలో కూర్చుని తిన్నాడు. ఆ ఒక్క అనుభవం అతన్ని తర్వాత ఊరికి వచ్చినప్పుడు కుదురుగా ఉండనీయలేదు. తలపాగా తీయమంటే ఎందుకు తీయాలి అని అడిగించింది.

అట్లని కులం గేటు బయటే ఆగిపోయిందా? ఆగలేదు. మాల మాదిగల మధ్య తేడాలు బోర్డింగులోకీ వచ్చాయి. సంఘంలో పెద్దరికం, బడి యాజమాన్యం ఎక్కువగా మన చేతిలో లేవు. భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్యే 2016లో విడుదల చేసిన దళిత సాధికారత విధానంలో సంఘం లోపల అంటరానితనం ఉందని ఒప్పుకుంది. మనోళ్ళు ఎన్నో ఏళ్ళుగా అరిచిన మాట అది.

బడి రిజిస్టరులో కులం గడి

ఇంకో సంగతి గమనించాలి. ఈ బడులు చందాల మీద ఇంతగా ఎందుకు ఆధారపడ్డాయి? దయాగుణం ఒక్కటే కారణం కాదు. 1950లో వచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు హిందువులకే ఆ హోదా అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ దళితులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1970లో మనల్ని బి.సి. 'సి' గ్రూపులో పెట్టి 1 శాతం ఇచ్చారు. 1977లో జి.ఓ. 341 చట్టబద్ధం కాని కొన్ని రాయితీలను మనకూ వర్తింపజేసింది, కాని సీట్లు, ఉద్యోగాల రిజర్వేషను రాలేదు. అంటే కులం వల్ల పడిన దెబ్బ అట్లే ఉంది, మందు మాత్రం మతం అడిగి ఇస్తున్నారు. ఆ ఖాళీని పూడ్చింది ఎవరు? బడి చందా పెట్టె, పల్లె పిడికిలి. అందుకే చాలా ఇండ్లలో తండ్రి గుడిలో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు రాయించాడు. దాన్ని మోసం అనేవాళ్ళు ఆ గడిని అట్లా గీసింది ఎవరో ముందు చెప్పాలి. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ క్రైస్తవ దళితులను షెడ్యూల్డు కులాల్లో చేర్చాలని తీర్మానించింది. 1950లో గీసిన గడి మాత్రం 2023 తీర్మానంతో చెరిగిపోలేదు.

ఫోటో పంపే చందా

20వ శతాబ్దం చివర్లో చందా రూపం మారింది. గుమ్మడికాయ వేలం పక్కకి పోయి, విదేశీ దాతకి పిల్లవాడి ఫోటో, వివరాలు పంపే పద్ధతి వచ్చింది. 1981లో అమెరికాలో మొదలైన క్రిస్టియన్ ఫౌండేషన్ ఫర్ చిల్డ్రన్ అండ్ ఏజింగ్ వంటివి ఇట్లాంటివే. దీనివల్ల చదువు నిలబడ్డ పిల్లలు ఎందరో. కర్నూలు మేత్రాసనంలోని పేద దళిత కుటుంబంలో 1961లో పుట్టిన పూల ఆంథోని గారినే చూడండి. పేదరికం వల్ల ఏడో తరగతితో ఆగిపోబోయిన చదువు మిషనరీల సాయంతో సాగింది. 1992లో కడప మేత్రాసనానికి గురువయ్యారు. ఆ మేత్రాసనంలో పైన చెప్పిన సంస్థ పనే చూశారు. 2008లో కర్నూలు పీఠాధిపతి, 2020లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి, 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. దళితుల నుంచి కార్డినల్ అయిన మొదటి మనిషి ఆయనే. ఒక పిల్లవాడి చదువు ఆగకుండా చూడటం అంటే ఏమిటో ఇంతకన్నా చెప్పక్కరలేదు.

అయినా ఈ పద్ధతిలో ఒక నష్టం ఉంది. పిడికెడు గింజలప్పుడు పల్లె ఇచ్చేది. ఫోటో చందాలో పల్లె తీసుకునేది మాత్రమే అయింది. ఇచ్చినోడికి అడిగే హక్కు ఉంటుంది. తీసుకున్నోడికి ఉత్తరం చివర కృతజ్ఞతలు రాసే పని ఉంటుంది. రెండు తరాల్లో మనం వాటాదారుల నుంచి లబ్ధిదారులుగా మారిపోయాం.

ఇప్పుడు బడి ఎవరిది

ఆ మార్పు ఫలం ఇంగ్లీషు మీడియంతో బయటపడింది. ఎయిడెడ్ తెలుగు బడి ఖాళీ అవుతుంటే అదే ఆవరణలో ఫీజు బడి లేస్తుంది. రాళ్ళు మోసినాయన మనవడు గేటు దగ్గర ఫీజు బోర్డు చూసి తిరిగిపోతాడు. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో పేదలకి 25 శాతం సీట్లంది. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు మైనారిటీ బడులకి ఆ చట్టం వర్తించదంది. 2025లో మరో ధర్మాసనం ఆ తీర్పు సరైనదేనా అని ప్రశ్న లేవనెత్తింది. మైనారిటీ హక్కును మేము గౌరవిస్తాం. కాని మైనారిటీ అంటే ఎవరు? ఈ సీమ కథోలికుల్లో అత్యధికులు దళితులు. వాళ్ళ పేరు మీద దక్కిన హక్కు వాళ్ళ పిల్లల్నే బయట పెట్టడానికి పనికొస్తే దాన్ని ఏమనాలి?

2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలు సిబ్బందినైనా, ఆస్తులతో సహా అయినా అప్పగించాలని కదిలించింది. విశాఖపట్నం, అనంతపురం వంటి చోట్ల తల్లిదండ్రులు, విద్యార్థులు రోడ్డెక్కారు. నవంబరులో అది బలవంతం కాదని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. ఆ మూడు నెలలూ చర్చ ప్రభుత్వానికీ యాజమాన్యాలకీ మధ్యే నడిచింది. ఆస్తి సర్కారుదా, సంస్థదా అన్నారు. పల్లెదేమో అని ఒక్కరూ అనలేదు. ఎందుకంటే పల్లె దగ్గర కాగితం లేదు.

ఆ కాగితం ఇప్పుడైనా తయారు కావాలి. విద్యార్థి మిత్రులకి, ఉపాధ్యాయులకి మేము చెప్పేది ఒకటే. మీ విచారణలో ఎనభై దాటిన అవ్వల దగ్గరికి పోండి. ఏ గోడకి ఎవరు బండ మోశారో, ఏ ఏడు వేలంలో ఎంత వచ్చిందో, ఏ ఉపదేశికి ఏ ఇంట బువ్వ పెట్టారో రాసుకోండి. గుడి పుస్తకాలు, బడి లాగు పుస్తకాలు చూపించమని అడగండి. ఆ లెక్క చేతిలో పెట్టుకుని మూడు అడుగుదాం: బడి కమిటీలో పల్లెకి చోటు, పల్లె పిల్లలకి ఫీజు లేని సీట్లు, జమాఖర్చు ఏటా కొత్త పంటల పండుగనాడు అందరి ముందు చదవడం. దయ చూపమని అడగడం లేదు. మా అవ్వలు ముంతలో పోసిన జొన్నల లెక్క చెప్పమంటున్నాం.